ఆత్మల సీరియల్ ఆఖరి ఎపిసోడ్: పాత్రల నిర్ణయాలు రాసే పద్ధతి

ఆఖరి ఎపిసోడ్ సీన్లు మొదలుపెట్టకముందే, మీ కథలో ఆత్మకున్న కట్టుబాటును ఒక్క వాక్యంలో కాగితం మీద పెట్టండి. అది ఎప్పుడు కనిపిస్తుంది, దేన్ని దాటలేదు, ఏం చేస్తే వెళ్లిపోతుంది. రెండో వాక్యం అవసరమైందంటే కట్టుబాటు ఇంకా తేలలేదు, నిర్ణయాల జోలికి అప్పుడే పోవద్దు. అది తేలకుండా రాసిన క్లైమాక్స్‌లో చివరి ఐదు నిమిషాలకు ఒక స్వామీజీ తాయెత్తుతో దిగుతాడు. అన్నాళ్లూ ఏడ్చి, తెగించి, కథను మోసిన వాళ్లంతా పక్కన నిలబడి చూడాల్సి వస్తుంది. అది వాళ్లకు చేసిన అన్యాయం.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. ప్రకాశం జిల్లా మెట్టలో ఒక చెరువు ఊరు. పొలాలకు చెరువు నీళ్లు వదిలే నీరుగంటి పెంచలయ్య, అతని మనవరాలు మస్తానమ్మ. ఆ పిల్ల తల్లి రవణమ్మ అదే చెరువులో పోయింది. కట్టుబాటు ఇదీ: చెరువు నీళ్లు అలుగు (నిండిన చెరువులో మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) రాతిని మించి నిలిచినన్నాళ్లే రవణమ్మ కూతురికి కనిపిస్తుంది. ఈ ఏడు ఆయకట్టు రైతులు నీళ్లు మిగుల్చుకోవాలని అలుగు మీద ఇసుక మూటలు పేర్చారు, అందుకే కనిపించింది. చెరువు లోతట్టును ఆక్రమించి సాగు చేస్తున్న ప్రెసిడెంటుకు ఆ మూటలు తీయించాలని ఆత్రం, లేకపోతే అతని పైరు మునుగుతుంది. రవణమ్మ చావుకు కారణం కూడా అతనే. ఇంతలో నవంబరు తుఫాను, మూటలు అలాగే ఉంటే చెరువు కట్ట తెగేలా ఉంది.

మూటలు తీస్తే కట్ట నిలుస్తుంది, తల్లి పోతుంది, తల్లిని చంపినవాడి పంతం నెగ్గుతుంది. నిర్ణయం బరువెక్కేది ఈ మూడో ముక్కతోనే. మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోవడం కష్టం కాదు. మంచి పని చేస్తే చెడ్డవాడికి లాభం కలగాలి, అప్పుడే చూసేవాళ్లు సోఫాలో ముందుకు జరుగుతారు.

ఇప్పుడు పాత్రకొక పేజీ తీసుకుని నాలుగు సంగతులు రాయండి: ఈ రాత్రికి అతనికి ఏం తెలుసు, ఏం కావాలి, ఏం పోగొట్టుకుంటాడు, అతను చేసేది ఎవరి కంట పడుతుంది. ఎక్కువమంది మొదటి సంగతి దగ్గరే తప్పుతారు. రచయితకు తెలిసిందంతా పాత్రకూ తెలుసన్నట్టు రాసేస్తారు. మస్తానమ్మకు కట్ట తెగబోతోందని ఎలా తెలిసింది? పెంచలయ్య చెబితే చాలదు, ముసలాయన భయం అనుకుంటుంది. ఇక్కడ చెరువు పనే సాయం చేస్తుంది. కట్ట అడుగున ఊట తేటగా ఉన్నంతసేపు పెద్ద భయం లేదు, బురదగా మారిందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందని, గండి దగ్గర పడిందని అర్థం. పెంచలయ్య ఊటను దోసిట పట్టి చూసే సీను ముందు ఎపిసోడ్లలో కనీసం రెండుసార్లు, వేరే పని మీద ఉన్నట్టు పెట్టండి. ఆఖరి రోజు దోసిలి మస్తానమ్మదవుతుంది. నీళ్లు ఎర్రగా ఉంటాయి. డైలాగు అక్కర్లేదు. మరీ కావాలంటే వెనక నుంచి తాత, "చూసినావా అమ్మణ్ణీ?" అంటే చాలు.

అరగంట స్లాటులో ప్రకటనలు పోను ఇరవై, ఇరవై రెండు నిమిషాలు మిగులుతుంది. అసలు నిర్ణయం పద్నాలుగో నిమిషం దగ్గర పడేట్టు చూసుకోండి. ఇరవయ్యో నిమిషానికి నెడితే దాని ఫలితం చూపడానికి చోటు ఉండదు, ఊళ్లో వాళ్లు వరసగా నిలబడి చెప్పుకునే మాటలతో ముగించాల్సి వస్తుంది. చిన్న పాత్రల నిర్ణయాలు ముందే తేల్చేయండి. మూటలు పేర్చిన రైతుల్లో ఒకడు పార పట్టుకుని కట్ట మీదికి రావాలా, ఇంట్లో ఉండిపోవాలా అన్నది ఆరో నిమిషంలోపే అయిపోవాలి. అందరూ ఒకేసారి నిర్ణయించుకుంటే ఎవరిదీ గుర్తుండదు.

ఆత్మకూ ఒక నిర్ణయం ఇవ్వండి, కానీ కూతురి నిర్ణయానికి ముందు మాత్రం వద్దు. "నన్ను పోనీ అమ్మా" అని రవణమ్మ ముందే అనేస్తే మస్తానమ్మకు అనుమతి దొరికినట్టే, ఆమె పడాల్సిన బాధ అక్కడే కరిగిపోతుంది. మొదటి మూట కూతురు లాగాలి. ఆ తర్వాత తల్లి ఆపగలిగీ ఆపకుండా ఉండాలి. ఆపే శక్తి తనకుందని పాత ఎపిసోడ్లలో చూపించి ఉండకపోతే ఈ మౌనానికి విలువ రాదు.

ప్రెసిడెంటు మనసు మార్చకండి. ఒక్క రాత్రిలో పశ్చాత్తాపపడే విలన్‌ను జనం నమ్మరు. తన పైరు బతికిందని అతను గట్టు మీద నిలబడి చూసుకోవచ్చు. నీళ్లు అలుగు రాతి దాకా దిగాక ఒడ్డున బయటపడే వస్తువు ఏదైనా, రవణమ్మ కాలి పట్టీ లాంటిది, అతన్ని పట్టించాలి. అప్పుడు శిక్ష ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉండదు, మస్తానమ్మ చేసిన పని నుంచే వస్తుంది.

నిర్ణయాన్ని చేతి పనిగా రాయడం షూటింగుకూ మంచిదే. కట్ట తెగి ఊరు మునగడం గ్రాఫిక్స్‌తో చేస్తే ఖర్చూ ఎక్కువ, చూడ్డానికీ తేలిపోతుంది. తడిసిన మూట, జారే చేతులు, పక్కన లాంతరు వెలుగు అయితే వాన గొట్టాలతో ఒక్క రాత్రిలో తీయొచ్చు. అక్కడ నేపథ్య సంగీతం ఆపేయమని స్క్రిప్టులోనే రాయండి, లేకపోతే ఎడిటింగులో వయొలిన్లు వచ్చి పడతాయి.

రెండో సీజనుకు దారి ఉంచమని ఛానెల్ అడుగుతుంది. ఉంచండి, కానీ రవణమ్మ కళ్లు తెరిచే షాటు మాత్రం వద్దు, దాంతో కూతురు పోగొట్టుకున్నది తిరిగి వచ్చేసినట్టవుతుంది. దారి వేరేచోట తెరవండి: ఆయకట్టులో నీళ్లు చాలక ఎండిన పొలం, ఆ రైతు మస్తానమ్మ ఇంటి ముందుకు వచ్చి అడిగే లెక్క.