ఎనిమిది నెలలు కదలని బరువు ఎలా కదిలిందంటే (నా అనుభవం)

రోజూ 40 నిమిషాలు నడుస్తూ, రాత్రిపూట అన్నానికి బదులు చపాతీలు తింటున్నప్పటికీ, నా బరువు ఎనిమిది నెలలపాటు 84 కిలోల దగ్గరే నిలిచిపోయింది. తేనె కలిపిన నిమ్మరసం, పది రోజుల ద్రవాహారం, జిమ్ సభ్యత్వం, ఇవేవీ నిలకడైన ఫలితమివ్వలేదు.

చివరకు పనిచేసింది నూనెను కొలవడం. ముందుగా థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకుని డాక్టరుగారి సలహా తీసుకున్నాను. తరువాత రెండు వారాలు వంటలో ఏ మార్పూ చేయకుండా, బియ్యాన్ని త్రాసుతోనూ నూనెను చెంచాతోనూ కొలిచి రాసుకున్నాను. ఇద్దరమే ఉన్న మా ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె అయిపోతోందని అప్పుడే తెలిసింది. గ్రాముకు 9 కేలరీల చొప్పున అది మనిషికి రోజుకు దాదాపు 550 కేలరీలు. వేపుళ్లలో మిగిలి పారబోసినది తీసివేసినా, నా నడకలో ఖర్చయ్యేదానికంటే ఎక్కువే. (ఆవకాయలో తేలే నూనె ఈ లెక్కలో లేదు!)

మూడో వారం నుండి నెలకు సరిపడా రెండు లీటర్ల నూనెను విడిగా సీసాల్లో పోసి పెట్టుకున్నాము. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యాన్ని 90కి తగ్గించి, ఆ ఖాళీని ముద్దపప్పు, కూర, ఒక గుడ్డుతో నింపాను. రోజువారీ హెచ్చుతగ్గులను పట్టించుకోకుండా వారపు సగటునే చూసుకున్నాను. ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాయి.

నూనె వల్ల ఎంత, అన్నం తగ్గించడం వల్ల ఎంత అన్నది విడదీసి చెప్పలేను. ఇంట్లో ఇప్పటికే నూనె తక్కువగా వాడేవారికి ఇది అంతగా పనిచేయకపోవచ్చు. షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం తగ్గించకూడదు.