విషాద నాటకం చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: చావుకు కారణమైనవారు, చావును ఆపగలిగినవారు

షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ నాటకానికి రోజువారీ పట్టిక వేయమని నాలుగో పాఠం చివర అడిగాను. వేసినవాళ్లకు ఒక విషయం స్పష్టమై ఉంటుంది. ఆదివారం పొద్దున వెరోనా వీధిలో కొట్లాటతో మొదలైన కథ గురువారం తెల్లవారేసరికి సమాధిలో ముగిసిపోతుంది. ఆ పట్టికను పక్కనే ఉంచుకోండి. ఈరోజు పని అంతా దాని మీదే. ఇంకా వేయనివాళ్లు ముందు అది పూర్తిచేసి రండి, తొందరేమీ లేదు.

ఈ పాఠంలో తేల్చాల్సిన ప్రశ్న పాతదే: పగబట్టిన రెండు ఇళ్లలో పుట్టి, రహస్యంగా పెళ్లి చేసుకున్న రోమియో, జూలియట్‌ల చావుకు బాధ్యులెవరు? ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లలో చాలామంది దీనికి పరీక్షలో జవాబు రాసే ఉంటారు. విధి అని కొందరు, పెద్దల పగ అని కొందరు, పిల్లల తొందరపాటు అని మరికొందరు రాస్తారు. ఎటూ తేల్చుకోలేనివాళ్లు ‘అందరూ బాధ్యులే’ అని ముగిస్తారు. ఈ చివరి జవాబును నేను ఒప్పుకోను. అందరూ బాధ్యులే అన్నామంటే, ఇంకా పద్నాలుగేళ్లు నిండని అమ్మాయికీ, మాట వినకపోతే వీధుల్లో చావమన్న ఆమె తండ్రికీ సమాన వాటా పంచినట్టు అవుతుంది. ఎవరి వాటా ఎంతో నాటకంలోని ఆధారాలతో తేల్చగలగడమే ఈరోజు నేర్చుకునే విద్య.

మొదటి పని: ఒక్కొక్కటీ తీసివేసి చూడండి

మీ పట్టికలోంచి ఒక్కో మనిషినీ, ఒక్కో సంఘటననూ తీసేసి, అది లేకుండా కథ సమాధి దాకా వెళ్తుందా అని అడగండి. జూలియట్ బంధువు టిబాల్ట్ కత్తి దూయకపోతే? రోమియో స్నేహితుడు మెర్కుషియో చనిపోడు, రోమియో హంతకుడు కాడు, దేశబహిష్కారం ఉండదు. బహిష్కారంలో రోమియో ఉన్న మాంటువాలో మందుల వర్తకుడు విషం అమ్మకపోతే? రోమియోకు మరో దారి దొరికేదేమో కానీ ఆ రాత్రి గడిచిపోయేది. ఆ రాత్రి గడిస్తే, మత్తుమందు తాగి చచ్చినట్టు పడుకున్న జూలియట్ మేలుకొనేది.

ఇలా తీసివేస్తూ పోతే ప్లేగు దగ్గర ఆగుతాం. ఇద్దరికీ పెళ్లి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్, ఆ మత్తుమందు పథకం గురించి రోమియోకు రాసిన ఉత్తరాన్ని తోటి సన్యాసి ఫ్రయర్ జాన్ మాంటువాకు తీసుకెళ్లాలి. తోడు కోసం మరో సన్యాసిని వెతుక్కుంటూ అతను రోగుల ఇంటికి వెళ్తాడు. ఆ ఇంట్లో అంటువ్యాధి ఉందన్న అనుమానంతో నగర తనిఖీదారులు తలుపులకు ముద్ర వేసేస్తారు. ఉత్తరం అక్కడే చిక్కుకుపోతుంది. ఇదేదో కథను ముడివేయడానికి అప్పటికప్పుడు అల్లిన అడ్డంకి అని తీసిపారేయకండి. 1592 నుంచి 1594 మధ్య ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి. ఆ తర్వాత కొద్దికాలానికే వచ్చిన నాటకం ఇది. ముద్ర వేసిన తలుపు అంటే ఏమిటో ఆ ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్లేగు లేకపోతే ఇద్దరూ బతికేవారు. అయినా ప్లేగును నిందించలేం కదా? తీసివేసి చూసే పద్ధతికి ఉన్న పరిమితి ఇదే. అది కారణాలను మాత్రమే చూపిస్తుంది. కారణమైన ప్రతిదీ బాధ్యత మోయదు. చాలా జవాబులు ఈ తేడా చూడకుండా మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి, అందుకే ‘అందరూ’ అన్న మాట దగ్గర తేలతాయి.

రెండో పని: మూడు ప్రశ్నలు

తీసివేతలో తేలిన ప్రతి మనిషినీ ఈ మూడూ అడగండి. ఆ క్షణంలో అతనికి ఏం తెలుసు? అతని చేతిలో ఎంత అధికారం ఉంది? అతని ముందు మరో దారి ఉందా? మూడింటికీ జవాబులు నాటకంలోనే దొరకాలి, ఏ అంకమో ఏ రంగమో చెప్పగలగాలి. మీ ఊహను ఆధారంగా చూపకండి.

మందుల వర్తకుడి సంగతి త్వరగా తేలిపోతుంది. ఐదో అంకం మొదటి రంగంలో అతను ఎముకల గూడులా కనిపిస్తాడు. విషం అమ్మితే మాంటువాలో మరణశిక్ష అని అతనికి తెలుసు. రోమియో నలభై డ్యూకాట్లు (బంగారు నాణేలు) చూపిస్తే, ఒప్పుకుంటున్నది తన పేదరికమే తప్ప తన మనసు కాదంటాడు. ఎవరి కోసమో, ఎందుకో అతనికి తెలియదు. అధికారం లేదు, ఆకలి ఉంది. అతన్ని కారణాల జాబితాలో ఉంచండి, బాధ్యుల జాబితాలో అట్టడుగున రాయండి.

జూలియట్‌ను పెంచిన దాదికి పెళ్లి సంగతి తెలుసు, రాయబారం నడిపింది కూడా ఆమే. మూడో అంకం ఐదో రంగంలో, తల్లిదండ్రులు చూసిన పెళ్లికొడుకు పారిస్‌ను పెళ్లి చేసుకొమ్మని సలహా ఇచ్చి జూలియట్‌ను ఒంటరిని చేసిన మాట నిజం. కానీ అదే రంగంలో కొంచెం వెనక్కి వెళ్లి చదవండి. కాపులెట్ కూతురి మీద విరుచుకుపడుతుంటే, పిల్లను అలా తిట్టడం తప్పని ఆయన ముఖం మీదే చెప్పింది ఈ పనిమనిషి. ఆయన ఆమె నోరు మూయిస్తాడు. ఆ ఇంట్లో ఆమె మాటకు ఉన్న విలువ అంతే.

వెరోనా ప్రభువు ఎస్కలస్‌కు అధికారం నిండా ఉంది. ఇలాంటి కొట్లాటలు ఇప్పటికే మూడు జరిగాయని మొదటి రంగంలో తానే లెక్క చెబుతాడు, అంటే తెలిసే ఊరుకున్నాడు. చివర్లో తన ఉపేక్షకు ఫలితంగా ఇద్దరు బంధువులను పోగొట్టుకున్నానని ఒప్పుకుంటాడు. మెర్కుషియో, పారిస్ ఇద్దరూ ఆయన వాళ్లే. ఈ ఒప్పుకోలును మీ జవాబులో వాడుకోవచ్చు. అయితే పగను అణచలేకపోవడం వేరు, సమాధి గదిలో ఒక పిల్లను ఒంటరిగా పడుకోబెట్టడం వేరు.

ఇక విధి. ప్రారంభ పద్యం వీళ్లను నక్షత్రాలు కలిసిరాని ప్రేమికులంటుంది. కానీ అదే పద్యం తల్లిదండ్రుల పగనూ పేరుపెట్టి చెబుతుంది. దీనికి మీకో చిట్కా. ఏ పాత్ర అయినా విధిని నిందించగానే, అంతకు ముందు ఏం చేసిందో, ఆ వెంటనే ఏం చేయబోతోందో చూడండి. ‘విధి చేతిలో వెర్రివాణ్ణయ్యాను’ అని రోమియో అరిచేది టిబాల్ట్‌ను తన చేతులతో పొడిచిన మరుక్షణం. ‘నక్షత్రాల్లారా, మిమ్మల్ని ధిక్కరిస్తున్నాను’ అన్నాక తన సేవకుడు బల్తజార్‌ను అడుగుతాడు: సన్యాసి దగ్గర నుంచి ఉత్తరాలేమీ లేవా? లేవంటే, పోనీలే అంటాడు. ఆ ఒక్క ‘పోనీలే’లో ఒక ప్రాణం ఉంది. ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తున్నవాడు, అది రాలేదని తెలిశాక కూడా ఆగి కారణం కనుక్కోలేదు. రోమియో వాటా అక్కడుంది, దాన్ని మాఫీ చేయకండి.

జూలియట్ విషయంలో మాత్రం నాకు స్పష్టత ఉంది. ఇది మరీ తొందరపాటుగా ఉందని రెండో అంకంలో మేడమీద నుంచే చెప్పింది ఆమె. పెళ్లి ప్రస్తావన తెచ్చిందీ ఆమేనన్నది నిజమే. కానీ ఆ తర్వాత మూడో అంకంలో తల్లిని బతిమాలిన మాట చూడండి: ఈ పెళ్లి ఒక నెల ఆపండి, పోనీ ఒక్క వారం ఆపండి. పట్టిక తీయండి. మంగళవారం నుంచి ఒక్క వారం దొరికి ఉంటే రోమియోకు కబురు చేరేది, మత్తుమందే అక్కర్లేకపోయేది. ఆమె అడిగింది సరిగ్గా ఆమెను బతికించగలిగినదాన్నే. తల్లి నీతో నాకు మాటల్లేవని వెళ్లిపోయింది. ఈ అమ్మాయి తొందరపాటు వల్లే చచ్చిపోయిందని రాసేవాళ్లు ఈ పంక్తిని దాటేసి రాస్తున్నారు.

ఇద్దరు పెద్దలు

మిగిలినవాళ్లు కాపులెట్, ఫ్రయర్ లారెన్స్. ఇక్కడ నెమ్మదిగా నడవాలి.

మొదటి అంకం రెండో రంగంలో కాపులెట్ మంచి తండ్రిలా మాట్లాడతాడు. పారిస్‌తో ఇంకో రెండు వేసవులు గడవనివ్వమంటాడు, అమ్మాయి ఇష్టపడితేనే తన అంగీకారం అంటాడు. మూడో అంకానికి వచ్చేసరికి ఆ రెండేళ్లు మూడు రోజులయ్యాయి. గురువారమే పెళ్లి. వద్దన్న కూతురితో, ఉరేసుకో, అడుక్కో, ఆకలితో వీధుల్లో చావు అంటాడు. ఆమె లొంగినట్టు నటించి వస్తే సంతోషంలో పెళ్లిని బుధవారానికి జరుపుతాడు. ఆ ఒక్క రోజు మార్పు ఫ్రయర్ లెక్కలన్నీ తలకిందులు చేసింది. అయితే రెండో ప్రశ్నతో పాటు మొదటిదీ అడగాలి. కూతురికి అప్పటికే పెళ్లయిందని కాపులెట్‌కు తెలియదు. ఆమె ఏడుపు టిబాల్ట్ కోసమే అనుకున్నాడు. తెలియనితనం అతని వాటాను తగ్గిస్తుంది, మాఫీ చేయదు. ఆమెకు ఇష్టం లేదని మాత్రం స్పష్టంగా తెలుసు. ఇష్టం ఉండాలన్న నియమం పెట్టింది తనే.

ఫ్రయర్ లారెన్స్ మీద చాలామందికి జాలి. రెండు ఇళ్ల పగ ప్రేమగా మారుతుందన్న ఆశతో పెళ్లి చేశాడు, ఆ ఆశ నిజాయితీగలదే. నెమ్మదిగా వెళ్లు, పరుగెత్తేవాళ్లు తడబడతారని రోమియోకు చెప్పినవాడూ ఆయనే. కానీ మూడు ప్రశ్నలూ ఆయన్ని అడగండి. పెళ్లి సంగతి తెలుసు, మత్తుమందు సంగతి తెలుసు, ఉత్తరం చేరలేదని కూడా రోమియో సమాధి చేరకముందే తెలిసింది. నాటకం మొత్తంలో ఇంత తెలిసినవాడు మరొకడు లేడు. ఊరంతా గౌరవించే మాట ఆయనది.

మరో దారి ఉందా? రెండు చోట్ల ఉంది. మూడో అంకం మూడో రంగంలో, వెరోనా కబుర్లు నీ సేవకుడితోనే ఎప్పటికప్పుడు పంపిస్తానని రోమియోకు మాటిచ్చాడు. ఆ సేవకుడు బల్తజార్. నాలుగో అంకానికి వచ్చేసరికి ఆ మాట మారిపోయి, ఉత్తరం మరో సన్యాసి చేతికి వెళ్లింది. ఇక్కడ రెండు రంగాలనూ పక్కపక్కన పెట్టి చదవండి, ఎందుకంటే సామాన్యంగా ఎవరూ పట్టించుకోరు. వెరోనాలోనే ఉన్న బల్తజార్‌కు నిజం తెలియదు. జూలియట్‌ను సమాధి చేయడం చూసి, గుర్రమెక్కి మాంటువా చేరి చావు కబురు చెప్పింది అతనే. ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఉంటే, ఆ మనిషే బతుకు కబురు మోసేవాడు.

రెండోది ఇంకా దగ్గరిది. మంగళవారం జూలియట్ ఇంటి బయటే ఉంది, ఫ్రయర్ గదిలో ఆయన ఎదురుగా నిలబడి ఉంది. భర్త మాంటువాలో ఉన్నాడు. ఆ గది నుంచే ఆమెను అతని దగ్గరకు పంపే ప్రయత్నం చేయొచ్చు, లేదా ఆ తండ్రి దగ్గరకు వెళ్లి ఈ పిల్లకు నేనే పెళ్లి చేశానని చెప్పొచ్చు. చెబితే ఆయనకు చిక్కులు వస్తాయి. ఆ చిక్కులు ఆయన తప్పించుకున్నాడు, మత్తుమందు సీసా మాత్రం పదమూడేళ్ల పిల్ల చేతిలో పెట్టి ఇంటికి పంపాడు. చివరికి సమాధిలో చప్పుడు వినగానే ఇక ఉండలేనని ఆమెను శవాల మధ్య వదిలి వెళ్లిపోయాడు. ఆమె పక్కన కత్తి ఉంది.

అందుకే ఎక్కువ వాటా నేను ఫ్రయర్‌కు వేస్తాను, ఆ వెనుకే కాపులెట్‌కు. ప్రభువు ఫ్రయర్‌ను ‘నిన్నెప్పుడూ పుణ్యాత్ముడిగానే ఎరుగుదుం’ అని ఒక్క వాక్యంతో వదిలేశాడు. పాఠకులుగా మనం ఆ తీర్పుకు కట్టుబడనక్కర్లేదు.

తీర్పు ఎవరి మీద పడుతుంది

షేక్‌స్పియర్‌కు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ పద్యకావ్యం 1562లో అచ్చయింది. దాని ముందుమాట నిందను ప్రేమికుల మీదే వేస్తుంది, పెద్దల మాట వినకపోవడమే వాళ్ల నేరమంటుంది. ఆ కావ్యంలో శిక్షలు ఎవరికి పడ్డాయో చూడండి. మందుల వర్తకుడికి ఉరి. దాదికి దేశబహిష్కారం. ఫ్రయర్‌కు శిక్ష లేదు, తనంతట తాను ఆశ్రమానికి వెళ్లి ఐదేళ్లు గడిపి కన్నుమూస్తాడు. పేదవాడూ పనిమనిషీ మూల్యం చెల్లించారు. బ్రూక్ కథలో నెలల తరబడి సాగినదాన్ని షేక్‌స్పియర్ ఐదు రోజులకు కుదించాడు, పదహారేళ్ల నాయికను పద్నాలుగు నిండని పిల్లగా మార్చాడు. శిక్షల జాబితాను పూర్తిగా ఎత్తేశాడు. కొందరికి క్షమ, కొందరికి శిక్ష అని మాత్రం ప్రభువు చేత చెప్పించి పేర్లు వదిలేశాడు. ఆ ఖాళీ మన కోసం ఉంది.

మూడో పని: పేరా రాయడం

‘ఫ్రయర్ మంచివాడే కానీ అతని పథకం విఫలమైంది.’ ఈ వాక్యాన్ని ఎవరూ కాదనలేరు, అందుకే ఇది పనికిరాదు. వాదన అంటే కాదనడానికి వీలున్న మాట. ఇలా మార్చి చూద్దాం:

‘ఫ్రయర్ లారెన్స్ పథకాన్ని చెడగొట్టింది ప్లేగు కాదు, దూతను మార్చాలన్న ఆయన నిర్ణయం. మూడో అంకం మూడో రంగంలో రోమియో సేవకుడితో కబురు పంపుతానని మాటిచ్చి, నాలుగో అంకం మొదటి రంగంలో మరో సన్యాసిని ఎంచుకున్నాడు. నిజం తెలియని ఆ సేవకుడే చావు కబురు మోశాడు. అంటువ్యాధిని ఎవరూ ఊహించలేరన్నది నిజమే. కానీ ప్రాణాల మీదకు వచ్చిన కబురును ఒక్క ఉత్తరానికే వదిలేసింది ఆయనే.’

నాలుగు అంగాలు ఉన్నాయి ఇందులో: వాదన, రంగం చెప్పి చూపిన ఆధారం, ఎదుటివారి అభ్యంతరం, దానికి జవాబు. అభ్యంతరాన్ని మీరే ముందు చెప్పడం మరచిపోకండి. మొదట్లో చాలామంది దాన్ని దాచేస్తారు, పేరా అక్కడే బలహీనపడుతుంది.

ఈ వారం అభ్యాసం

నాతో విభేదిస్తూ ఒక పేరా రాయండి. ఎక్కువ బాధ్యత కాపులెట్‌దే అని మూడో అంకం ఐదో రంగం, నాలుగో అంకం రెండో రంగం ఆధారంగా నిరూపించండి. ఫ్రయర్‌కు అన్నీ తెలుసన్న నా వాదనకు అందులోనే జవాబివ్వాలి. తర్వాత ప్రభువు వదిలేసిన తీర్పును పూర్తిచేయండి: ఎవరికి క్షమ, ఎవరికి శిక్ష, ఒక్కో పేరుకూ ఒక్క వాక్యంలో కారణం. రోమియో తండ్రి మాంటెగ్యూను నేను కావాలనే ఈ పాఠంలో ముట్టుకోలేదు. అతని పేరూ మీ తీర్పులో ఉండాలి. ఆరో పాఠంలో ఇవే మూడు ప్రశ్నలు పట్టుకుని ‘ఒథెల్లో’లోకి వెళ్దాం. అక్కడ అబద్ధం చెప్పినవాడు ఒకడు, చంపినవాడు మరొకడు, కాబట్టి మొదటి ప్రశ్నను కొంచెం మార్చుకోవాల్సి వస్తుంది. మొదటి, మూడో అంకాలు చదివి రండి.