మార్చి ఆఖరు పనులు, ఎండాకాలం కొనుగోళ్లు: కొత్త సర్పంచులకు, కార్యదర్శులకు కొన్ని జాగ్రత్తలు

చేసిన పనులకు బిల్లులు రాక అప్పులపాలైన మాజీ సర్పంచుల వార్తలు ఇంకా ఆగలేదు. తెలంగాణలో 2024 జనవరి ఆఖరుకు పదవీకాలం ముగిసినవాళ్లలో చాలామంది వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు దగ్గరుండి చేయించారు. అందుకోసం నగలు కుదువపెట్టినవాళ్లు, భూమి అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. మిత్తీలు కట్టలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల గురించి కూడా పేపర్లలో చదివాం. 2025 డిసెంబరులో గెలిచినవాళ్లకు ఇప్పుడు మొదటి మార్చి, మొదటి ఎండాకాలం కలిసి వస్తున్నాయి. పంచాయతీలకు కేంద్రం నుంచి నిధులు సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఉన్న డబ్బు త్వరగా ఖర్చు చేయమని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. నీళ్లు లేవని కిందినుంచి ఒత్తిడి ఉంటుంది. తప్పులు జరిగేది సరిగ్గా ఇలాంటప్పుడే.

టెండరు ఎలా పిలవాలి, ఎల్-1 (అందరికంటే తక్కువ ధర వేసినవాడు) అంటే ఎవరు అనేవి శిక్షణలో చెప్పే ఉంటారు. వాటి జోలికి పోను.

మనుషుల్ని ముంచే తప్పు

"ముందు పని కానివ్వండి, కాగితాలు తర్వాత చూసుకుందాం." పంచాయతీల్లో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ మాట నమ్మడంతోనే మొదలైంది. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. ఎవరో పెద్దాయన పర్యటన ఉంటుంది, లేదా జిల్లాలో మన మండలం వెనకబడిందని సమీక్షలో అక్షింతలు పడి ఉంటాయి. "అన్నా, రోడ్డు పోసేయ్, బిల్లు సంగతి నాకొదిలెయ్" అని ఫోన్ వస్తుంది. ఆరు నెలల్లో ఆ అధికారి బదిలీ అవుతాడు. కొత్తగా వచ్చినాయన ఫైలు తెరిస్తే అందులో ఏమీ ఉండదు. లేని కాగితం మీద ఆయన సంతకం పెట్టడు, పెట్టమని అడగడమూ న్యాయం కాదు.

తీర్మానం, ఎస్టిమేటు, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు లేదా నామినేషన్ (టెండరు లేకుండా నేరుగా పని అప్పగించడం), అగ్రిమెంటు, వర్క్ ఆర్డర్. ఈ వరస మారకూడదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు పని బాగుందా లేదా అన్నదానికంటే ముందు తేదీలు చూస్తారు. సిమెంటు కొన్న బిల్లు తేదీ వర్క్ ఆర్డర్ కంటే ముందుంటే ఆ పని ఎంత నిజాయితీగా జరిగినా అభ్యంతరం తప్పదు. వెనక తేదీలు వేసి సర్దుదామని అస్సలు చూడకండి. వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డ్ రిజిస్టరులో నంబర్ల వరసే పట్టిస్తుంది. అప్పుడు పొరపాటు కాస్తా నేరమవుతుంది.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది. సర్పంచే సొంత డబ్బు పెట్టి, తెలిసిన కాంట్రాక్టరు పేరు మీద పని చేయించడం. పంచాయతీతో కాంట్రాక్టులో ఆసక్తి ఉన్న సభ్యుడిపై అనర్హత వేటు వేయొచ్చని పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది, అది ఒక సంగతి. రెండోది ఇంకా బాధాకరం. బిల్లు ఆ కాంట్రాక్టరు ఖాతాలో పడుతుంది. అతను ఇవ్వకపోతే అడగడానికి సర్పంచ్ దగ్గర చిన్న చీటీ కూడా ఉండదు. బిల్లే రాకపోతే అసలు అడిగే హక్కే లేదు, ఎందుకంటే కాగితాల్లో పని చేయించిన మనిషి సర్పంచ్ కాడు. కోర్టుకు వెళ్లినా ముందు అడిగేది అగ్రిమెంటే. అప్పిచ్చినవాళ్లు మాత్రం నేరుగా సర్పంచ్ ఇంటికే వస్తారు.

అందుకే మళ్లీ చెబుతున్నా: వర్క్ ఆర్డర్ చేతికి రాకుండా పార ఎత్తనివ్వొద్దు. ఎవరు ఫోన్ చేసినా సరే.

మరి తాగునీటి మోటారు కాలిపోతే? ఊరంతా బిందెలతో నిలబడితే టెండరు దాకా ఆగమని ఎవరూ అనరు. కానీ తప్పక చేయాల్సిన పనులు మూడున్నాయి, మొదటి రెండూ ఆ పూటే. ఏం పాడైందో మెకానిక్ చేత రాయించుకోండి. ఎంపీడీఓకు లేఖ ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు వేసిన నకలు తెచ్చుకోండి. తర్వాతి సమావేశం ఎజెండాలో పెట్టి పాలకవర్గం ఆమోదం రాయించండి. అత్యవసరం అనే మాట ఆ మరమ్మతుకే వర్తిస్తుంది. ఆ పేరుతో పక్క వీధిలో కొత్త పైపులైన్ మొదలుపెట్టొద్దు.

కొలతలు

పైపులైన్ అంటే గుర్తొచ్చింది, భూమిలోకి పోయే పనుల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. కందకం తవ్వుతారు, అడుగున ఇసుక పరుస్తారు, పైపు వేస్తారు. జనం నడవడానికి ఇబ్బందని సాయంత్రానికల్లా పూడ్చేస్తారు. వారం తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వస్తారు. పైన చదునుగా ఉన్న మట్టి తప్ప ఆయనకు ఏమీ కనబడదు. ఎస్టిమేటులో మీటరు లోతు ఉందనుకోండి, ఎంత లోతు తవ్వారో, కింద ఇసుక ఉందో లేదో ఆయన ఎలా రాస్తారు? రాయరు, లేదా తగ్గించి రాస్తారు. ఆ తేడా కాంట్రాక్టరు నెత్తిన పడుతుంది. కందకం తెరిచి ఉండగానే టేపు పెట్టి ఫొటో తీయండి, ఏఈని పిలిచి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాయించండి. పునాదులకూ, సీసీ రోడ్డు కింద వేసే కంకరకూ ఇదే మాట. ఎం-బుక్‌లో దిద్దుబాటు ఉంటే పక్కన సంతకం ఉండాలి. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టొద్దు.

డబ్బు ఉందా, ఏ పద్దులో ఉంది?

ఖాతాలో నిల్వ చూసి పని ఒప్పుకుంటారు. అది చాలదు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే వాడాలి. మిగిలిన 40 శాతంతోనూ జీతాలు ఇవ్వడానికి వీల్లేదు. ఆ 60 శాతం డబ్బుతో కమ్యూనిటీ హాలుకు రంగులేయిస్తే రంగు బాగుంటుంది కానీ ఖర్చు చెల్లదు. చెక్కు రాసినంత మాత్రాన డబ్బు వచ్చినట్టూ కాదు. ట్రెజరీలో చెక్కులు నెలల తరబడి ఆగిపోయిన సంగతి పాత సర్పంచులను అడిగితే చెబుతారు. కాంట్రాక్టరుకు కూడా ఈ మాట ముందే చెప్పండి, అతనికీ పిల్లలున్నారు.

ఇక మిగిలినవి వరసగా రాసేస్తున్నాను.

పనిని ముక్కలు చేయొద్దు. ఒకే వీధి రోడ్డును మూడు బిట్లుగా చేసి నామినేషన్ పరిమితిలోకి తేవడం ఆడిట్‌లో అన్నిటికంటే తేలిగ్గా దొరికే తప్పు. ఆ పరిమితి ఎంతో నోటిమాటగా వినొద్దు, తాజా జీవో కాపీ తెచ్చుకుని ఫైల్లో పెట్టండి.

మూడు కొటేషన్లు ఒకే మనిషి తెచ్చిస్తే తీసుకోవద్దు. మూడు లెటర్‌హెడ్‌ల మీద ఒకే టైపు, ఒకే అక్షరదోషం, ఒకే తేదీ ఉన్న కొటేషన్లు చూశాను. అవి చూస్తే ఎవరికైనా ఇట్టే అర్థమైపోతుంది.

జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూడండి. రద్దయిన నంబర్లతో బిల్లులు వస్తాయి.

కాంట్రాక్టు విలువ 2.5 లక్షలు దాటితే జీఎస్టీ కింద 2 శాతం టీడీఎస్ (బిల్లులోంచి ముందే పట్టుకునే పన్ను) మినహాయించాలి. ఆదాయపు పన్ను కింద పట్టుకునే టీడీఎస్ వేరు. రెండూ ఒకటే అనుకోవద్దు.

డిజిటల్ సంతకం కీ, దాని పిన్ ఆపరేటరు చేతిలో పెట్టొద్దు. పని ఒత్తిడి ఎంతున్నా సరే, పెట్టొద్దు. ఆ కీతో జరిగిన ప్రతి చెల్లింపూ మీరు చేసినట్టే లెక్క.

సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరూ సంతకం చేయాల్సిన చోట ఒకరు ముందే ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి ఇవ్వకూడదు. మీ మధ్య ఎంత స్నేహం ఉన్నా.

ట్యాంకరు ట్రిప్పులకు లాగ్‌బుక్ పెట్టండి. తేదీ, వీధి, సమయం, నీళ్లు పట్టుకున్న ఇద్దరి సంతకాలు. నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో రాసిన లాగ్‌బుక్ ఎందుకూ పనికిరాదు.

పాత మోటారు ఎక్కడుందో స్టాక్ రిజిస్టరులో రాయండి. కొత్తదాని సీరియల్ నంబరు కూడా.

సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి మనిషిని దింపే కాంట్రాక్టు ఇవ్వొద్దు. రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడాన్ని, చేతులతో మలం ఎత్తించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు సంగతి తర్వాత, ఆ మనిషి తిరిగి రాడు. యంత్రం ఉన్నవాళ్లకే పని ఇవ్వండి.

తీర్మానాల పుస్తకంలో కింద ఖాళీ వదలొద్దు. లేని సభ్యుడి సంతకం వేయొద్దు.

వాట్సాప్ మెసేజ్ ఆర్డరు కాదు. వాయిస్ మెసేజ్ అసలే కాదు. రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే పని మొదలుపెట్టొద్దు.

మార్చి 28న వచ్చి "నిధులు మురిగిపోతాయి, రేపే మొదలుపెట్టండి" అంటే కూడా వర్క్ ఆర్డర్ లేకుండా మొదలుపెట్టొద్దు. నిధులు మురిగితే ఊరికి ఒక రోడ్డు ఆలస్యమవుతుంది. కాగితం లేని పని చేస్తే ఆ సొమ్ము సొంతంగా కట్టమనే సర్‌ఛార్జ్ నోటీసు మీ పేరు మీద వస్తుంది, పదవి దిగాక కూడా వస్తుంది.

కార్యదర్శులూ, సర్పంచ్ ఒత్తిడి చేస్తే మీ అభిప్రాయం నోట్ ఫైల్లో రాసి సంతకం పెట్టండి. నోటితో చెప్పి ఊరుకోవద్దు.

ప్రతి పనికీ తీర్మానం, అగ్రిమెంటు, వర్క్ ఆర్డర్, ఎం-బుక్ పేజీలు, చెక్కు నకలు జిరాక్స్ తీయించి ఇంట్లో ఒక సెట్ పెట్టుకోండి. పదవిలో ఉండగా ఆఫీసు బీరువా తాళం మీదే. దిగిన మరుసటి రోజు నుంచి అదే కాగితం కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి 30 రోజులు ఎదురుచూడాలి.