రామన్ లేజర్ వెలిగించే ముందు జాగ్రత్తలు

కాల్సైట్, అరగొనైట్, వాటరైట్‌లు మూడూ కాల్షియం కార్బొనేట్ ఖనిజాలే. వాటి రసాయన సూత్రం ఒక్కటే, స్ఫటిక నిర్మాణాలే వేరు. లేజర్ కాంతి నమూనా మీద పడి చెదిరే తీరును కొలిచే రామన్ పరికరం ఆ తేడాను పట్టిస్తుంది. ఆ తేడాను మనమే చెరిపేయకూడదు.

• నమూనా ఏ పొర నుంచి తీశారో అప్పుడే సీసా మీద రాయండి. ముత్యపు చిప్పలో లోపలి మెరుపు పొర అరగొనైట్, బయటి పొర కాల్సైట్. పొడి కలిసిపోతే ఇక విడదీయలేరు.

• ఎక్కువసేపు నూరవద్దు. నా భయమంతా దీని గురించే. నూరుడుకే అరగొనైట్ కొంత కాల్సైట్‌గా మారవచ్చు. వర్ణపటం (చెదిరిన కాంతిని చూపే శిఖరాల గీత) శుభ్రంగానే వస్తుంది కాబట్టి తప్పు జరిగిందని అనుమానం కూడా రాదు. వీలైతే నూరకుండా ముక్కనే చూడండి.

• ఆమ్లంతో కడగవద్దు. వాటరైట్‌ను తడిగా వదలవద్దు.

• సిలికాన్ ముక్కతో 520.5 తరంగ సంఖ్య (సెం.మీ.⁻¹) దగ్గర పరికరాన్ని సరిచూడండి. 1085 దగ్గరి పెద్ద శిఖరం కాల్సైట్‌కూ అరగొనైట్‌కూ ఉంటుంది, దాన్ని బట్టి తేల్చేయకండి. 281 దగ్గర శిఖరం ఉంటే కాల్సైట్, 206 దగ్గర ఉంటే అరగొనైట్. రెండూ కనిపిస్తే మిశ్రమమే.

• గవ్వలు, పగడాల్లోని సేంద్రియ పదార్థం ప్రతిదీప్తితో (లేజర్ తగిలి తానే వెలుగుతూ) శిఖరాలను ముంచేస్తుంది. 785 నానోమీటర్ల లేజర్‌తో ఆ బెడద తగ్గుతుంది. శక్తి తక్కువతో మొదలుపెట్టండి, రంగున్న చోట నమూనా మాడిపోతుంది.

• ఆ లేజర్ కాంతి కంటికి దాదాపు కనిపించదు. తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా పరికరం మూత తీయనే తీయకండి.