చెట్టు రాయైతే గుర్తుపట్టడం ఎలా, మెరుపు తేవడం ఎలా

ప్రాణహిత–గోదావరి లోయలో వాగులు, రాళ్ల గుట్టలు తిరిగేవాళ్లకు చేతికి చిక్కే అవకాశం ఎక్కువున్న శిలాజం ఎముక కాదు, గవ్వ కాదు, రాయైపోయిన కలప. ఇంట్లో కూర్చుని మెరుగు పెట్టుకోవడానికి కూడా నా లెక్కలో ఇదే బెస్ట్, ఎందుకంటే కలప స్థానంలోకి ఇసుకలో ఉండే సిలికా అనే ఖనిజం చేరి గట్టిపడిపోయింది కాబట్టి ఎంత రుద్దినా తట్టుకుంటుంది.

ముందు ఒక మాట. ఎముకలా, పన్నులా అనిపించింది కనబడితే తవ్వకండి, కడగకండి, పాలిష్ ఊసే వద్దు. ఫోటో తీసి, లొకేషన్ సేవ్ చేసుకుని జియలాజికల్ సర్వే వాళ్లకు చెప్పండి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు ఈ లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికినవే, అలాంటివి ఎవరి షోకేసులోనో ఉంటే దేనికీ పనికిరావు. మహారాష్ట్రలోని సిరోంచ పక్కనున్న వడదం లాంటి ఫాసిల్ పార్కుల్లో అయితే చిన్న ముక్క కూడా తీయకూడదు. మిగతా చోట్ల కూడా ఆ నేల ఎవరిదో కనుక్కుని, అడిగి తీసుకోండి.

ఇక గుర్తుపట్టడం. చూడ్డానికి కట్టెముక్కే, ఎత్తితే రాయి బరువు. చాకు మొనతో గీస్తే రాయి మీద గీత పడదు, చాకు ఇనుమే మెరుపు చారలా అంటుకుంటుంది. అదే రాయి అంచుతో పాత గాజు ముక్క మీద గీస్తే గాజు మీద గీత పడుతుంది. వెనిగర్ చుక్క వేసి చూడండి, బుసబుసమని నురగ వస్తే అది సున్నపురాయి జాతి, సిలికా కలప కాదు.

ఇవన్నీ పాసైనా అది మామూలు చెకుముకి రాయి కావచ్చు. అసలు పరీక్ష భూతద్దంతోనే, పదింతలు పెద్దగా చూపించేది ఒకటి కొనుక్కోండి. ముక్క చివరను, అంటే చెట్టును అడ్డంగా నరికితే కనబడే ముఖాన్ని, తడిపి వెలుతురులో పెట్టి చూస్తే వలయాలు, వాటిని అడ్డంగా కోస్తూ బయటికి వెళ్లే సన్నటి గీతలు కనబడాలి. పక్కవైపు నిలువునా నార ఉండాలి. ఒక వైపు చారలున్నంత మాత్రాన చెట్టు కాదండీ, ఇసుకరాయిలో ఇనుము తుప్పు చారలు కూడా అచ్చం వలయాల్లాగే మోసం చేస్తాయి. రాతి మీద నల్లగా నాచు ఆకులు అచ్చేసినట్టు కనబడేవి కూడా చాలాసార్లు మాంగనీస్ మరకలే.

మెరుగు ముక్కంతా పెట్టొద్దు, ఒక్క అడ్డకోత ముఖానికే పెట్టండి. చుట్టూ బెరడులా ఉన్న గరుకు అలాగే ఉంటేనే అది చెట్టని తెలుస్తుంది. ముఖం మరీ ఎగుడుదిగుడుగా ఉంటే గ్రానైట్ పనిచేసేవాళ్ల దగ్గర నీళ్ల కట్టర్ మీద కోయించుకోండి, కరీంనగర్ వైపైనా ఒంగోలు వైపైనా వాళ్లకు కొదవేం లేదు. పగుళ్లుంటే పల్చటి ఫెవిక్విక్ దించి ఆరనివ్వండి.

తర్వాత పెయింట్ షాపులో దొరికే వాటర్ పేపర్, అంటే నీళ్లతో వాడే గరుకు కాగితం. నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 120తో మొదలుపెట్టి 220, 400, 600, 1000, 2000. పేపర్‌ను గాజుపలక మీద పరిచి, నీళ్లు పోస్తూ రాయిని దాని మీద రుద్దాలి. మొదటి నంబర్ దగ్గర ముఖం నిండా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి, అవన్నీ చెరిగిపోతేనే ముఖం చదునైనట్టు, మధ్యలో ఒక్క గీత మిగిలినా అక్కడ పల్లం ఉంది. నంబర్ మారినప్పుడల్లా రాయిని, చేతుల్ని, పలకను బాగా కడగాలి, పాత గరుకు రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడి మళ్లీ మొదటికొస్తుంది. రుద్దే దిశ కూడా మార్చండి, పాత గీతలు ఎక్కడ మిగిలాయో వెంటనే కనబడతాయి. ఎప్పుడూ తుడిచి ఆరబెట్టి, లైటును ఏటవాలుగా వేసి చూడండి. తడి మీద ప్రతి రాయీ బాగానే ఉంటుంది! 400 దగ్గర తొందరపడితే 2000 దగ్గర ఏడవాల్సి వస్తుంది.

పొడిగా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రుద్దకండి. ఈ ధూళి సిలికా, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. నీళ్లు వాడుతున్నా మాస్క్ పెట్టుకోండి, కిందపడ్డ బురద ఆరకముందే తుడిచేయండి.

ఆఖరున కారు అద్దాల గీతలు పోగొట్టడానికి వాడే సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్లలో పేస్టులా కలిపి, చెక్కకు అంటించిన తోలుముక్క మీద రాసి గట్టిగా రుద్దాలి. అసలు మెరుపు పేస్టు ఆరబోయే ముందు, రాయి తోలును పట్టి లాగుతున్నట్టు అనిపించే ఆ కాసేపట్లోనే వస్తుంది, బాగా ఆరిపోతే మళ్లీ నీటి చుక్క వేయండి. వార్నిష్ అక్కర్లేదు, అది కొన్నాళ్లకు పసుపెక్కుతుంది.

వెనకవైపు గరుకు మీద వైట్‌నర్‌తో చిన్న మచ్చ పెట్టి, అది ఆరాక సన్న పెన్నుతో ఊరు, వాగు పేరు, తేదీ రాయండి.