ఉప్పుగాలి ఊళ్లో బంగారు నానో కణాల తయారీ

విశాఖపట్నంలో బంగారు నానో కణాల తయారీ మొదలుపెట్టేవారు ముందు తూకం సంగతి చూసుకోవాలి. ముడిపదార్థమైన క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం, క్లోరిన్ ఉన్న సమ్మేళనం) స్ఫటికాలు తేమను పీల్చుకుంటాయి గనుక, సముద్రపు గాలి వీచే గదిలో కాగితం మీద పోసి తూచేలోపే తడిసి అంటుకుపోతాయి. అందుచేత 1 గ్రాము సీసాను తెరిచిన వెంటనే మొత్తాన్నీ 100 మి.లీ. డీఅయనైజ్డ్ (లవణాల అయాన్లు తొలగించిన) నీటిలో కరిగించి, ముదురు గోధుమరంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచడమే మేలు. ఉక్కు స్పూను తాకించకూడదు. ఇనుము తగిలితే బంగారం అక్కడికక్కడే లోహంగా దిగిపోతుంది.

గాజు సామాను, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో ఆక్వారీజియాతో (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) కడిగి, చివరి తొలుపు తప్పనిసరిగా డీఅయనైజ్డ్ నీటితోనే చేయాలి. ఒకసారి తొందరలో కుళాయి నీటితో ముగించాను. ఆ రోజు ఎర్రగా రావలసిన ద్రావణం ఊదారంగులో వచ్చింది.

1951లో టర్కెవిచ్ బృందం వివరించగా 1973లో ఫ్రెన్స్ విస్తరించిన సిట్రేట్ పద్ధతి ఇది. ఫ్రిజ్‌లో దాచిన నిల్వ ద్రావణం 0.5 మి.లీ. తీసి 49.5 మి.లీ. నీటిలో కలిపి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద తెర్లుతుండగా 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 1 మి.లీ. ఒక్కసారిగా పోయాలి. లేత పసుపు వెలిసిపోయి, నీలి ఛాయ కమ్మి, కొద్ది నిమిషాల్లో కెంపు రంగు తేలుతుంది. కణాలు సుమారు 16 నానోమీటర్లుంటాయి. సిట్రేట్ సగానికి తగ్గిస్తే 40 దాకా పెరుగుతాయి.

ఈ కణాలు వైద్యానికా, ఉత్ప్రేరకానికా (రసాయన చర్యను వేగపరచే పదార్థంగా వాడడానికా) అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. 1 మి.లీ. ద్రావణంలో 10 శాతం ఉప్పునీరు 0.1 మి.లీ. కలిపితే ఉప్పు సుమారు 0.9 శాతానికి, అంటే ఆసుపత్రి సెలైన్ గాఢతకు చేరుతుంది. సిట్రేట్ ఇచ్చిన రుణావేశపు వికర్షణను ఉప్పు అణచివేయడంతో కణాలు గుమిగూడి ద్రావణం నీలమవుతుంది. రక్తంలోనూ ఉప్పుంది కాబట్టి, వైద్యానికైతే కణాలకు థయాల్ (బంగారాన్ని పట్టుకునే గంధకపు కొస) కలిగిన పెగ్ (పాలిథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) గాని, ప్రోటీన్ గాని పూత పట్టించి ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. ఎరుపు నిలిస్తేనే ముందుకు వెళ్లాలి. గర్భనిర్ధారణ పట్టీ మీద సాధారణంగా కనిపించే ఎర్రగీత ఇలాంటి పూత పట్టిన బంగారమే.

ఉత్ప్రేరకానికి ఆ పూతే అడ్డు, ఎందుకంటే చర్య జరిగేది లోహపు ఉపరితలం మీద. పూత లేని భాగాన్ని 4-నైట్రోఫినాల్, సోడియం బోరోహైడ్రైడ్ కలిసిన పసుపు ద్రావణంలో కొద్దిగా వేసి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఆ పసుపు రంగుకు గుర్తయిన 400 నానోమీటర్ల కాంతిశోషణ శిఖరం తరిగే వేగాన్ని కొలవాలి; అదే ఉత్ప్రేరకపు చురుకుదనానికి కొలమానం. బోరోహైడ్రైడ్‌ను ఏ పూటకాపూట చల్లని నీటిలో కలుపుకోవాలి. హైడ్రోజన్ వెలువడుతుంది గనుక ఆ సీసా మూత బిగించకూడదు.