మీ ఊరి చిన్న బడి మూతపడకుండ చూడాలంటే ఎప్పుడు కదలాలె, ఏం కాయితం రాయాలె

మా దిక్కు ఏ ఊరికి పోయినా ఇదే మాట వినబడ్తున్నది, మా బడిల పిల్లలు తక్కువున్నరంట, పక్కూరి బడిల కలుపుతరంట అని. దేవరకొండ, చందంపేట దిక్కు తండాలు, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు చిన్న ఊళ్లు, కోస్గి, మద్దూరు అవతల పల్లెలు, అంతట ఇదే భయం. చానామందికి ఎవరిని అడగాలె, ఏం అడగాలె తెల్వక ఊకుంటున్నరు, అందుకే నాకు తెలిసిందంత ఒక్కకాడ రాస్తున్న, మీ ఊరికి పనికొచ్చేది తీసుకోండి.

ముందుగాల ఒకటి మంచిగ అర్థం చేసుకోండి. బడి మూసేస్తున్నం అని ముందే ఆర్డర్ రాదు. ఇద్దరు సార్లున్న బడిల ఒక సార్‌ను డిప్యుటేషన్ అనో వర్క్ అడ్జస్ట్‌మెంట్ అనో వేరే బడికి పంపుతరు, అక్కడ మొదలైతది. ఇగ ఒక్క సారే ఐదు తరగతులు చూడాలె, ఆయనకు మీటింగ్ ఉంటే బడి బంద్, ట్రైనింగ్ ఉంటే బంద్, జరమొస్తే బంద్. తల్లిదండ్రులు రెండు నెలలు చూస్తరు, ఈ బడిల సదువు సాగదు అనుకుని అప్పో సప్పో చేసి ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కిస్తరు. మర్సటి ఏడు 24 మంది ఉన్నకాడ 11 మంది ఉంటరు, ఆ తర్వాత ఏడు ఐదుగురు, అప్పుడు పైకి రిపోర్ట్ పోతది, పిల్లలు లేరు, పక్క బడిల కలపొచ్చు అని. అప్పుడు మీరు ధర్నా చేసినా ఆఫీసర్ రిజిస్టర్ తెరిచి చూపిస్తడు, ఆ రిజిస్టర్ ముందు మన నోరు లేవది. అందుకే నేను చెప్పేది ఒక్కటే, బడి కోసం కొట్లాట సార్ పోయిన వారంలనే మొదలు వెట్టాలె, ఫైల్ కదిలినంక కాదు.

సార్ పోయిండంటే ఏం అడగాలె? విద్యాహక్కు చట్టం 2009ల సెక్షన్ 25 ఉన్నది, దాని ఎనక షెడ్యూల్ ఉన్నది. ప్రైమరీ బడిల 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలె అని అండ్ల రాసుంది, 15 మంది ఉంటే ఒక్కడే చాలు అని ఎక్కడ లేదు. 61 నుంచి 90 దాకా అయితే ముగ్గురు. అదే సెక్షన్‌ల ఇంకో మాట కూడా ఉన్నది, ఈ లెక్క తప్పకుండ ఉండటానికి ఒక బడిల వేసిన టీచర్‌ను వేరే బడిల గాని ఆఫీసుల గాని పనిచేయించొద్దు అని. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం, ఈ మూడు పనులకే మినహాయింపు. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల అడిగితే రేషనలైజేషన్ (పిల్లల లెక్కను బట్టి పోస్టులు సర్దుడు) ప్రకారం మీ స్ట్రెంత్‌కు ఒక్క పోస్టే వస్తది అంటరు, అప్పుడు మర్యాదగనే చెప్పండి, సార్, జీవో కన్నా పార్లమెంట్ చేసిన చట్టం పెద్దది కదా అని. నోటితోని చెప్తే గాలికి పోతది, కాయితం ఇయ్యాలె. గిట్ల రాయొచ్చు:

"మా గ్రామ మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న ఇద్దరు ఉపాధ్యాయులలో ఒకరిని ఫలానా తేదీ నుండి ఫలానా పాఠశాలకు సర్దుబాటు చేసినారు. ప్రస్తుతం ఐదు తరగతులకు ఒక్కరే ఉన్నారు. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 25 మరియు షెడ్యూల్ ప్రకారం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెను. కావున సదరు సర్దుబాటును రద్దు చేసి ఉపాధ్యాయుడిని తిరిగి మా పాఠశాలకు పంపగలరని మనవి."

కింద తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు, పక్కన పిల్లగాని పేరు, తరగతి. తల్లుల సంతకాలు ఎక్కువుండేటట్టు చూడండి. రెండు కాపీలు తీసుకపోండి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద తారీఖు ఏసి ముద్ర కొట్టించుకోండి. ముద్ర లేని కాయితం ఇచ్చినట్టే కాదు. ఎంఈఓకు ఇచ్చి పది పదిహేను రోజులు చూసి సోమారం కలెక్టరేట్ల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోండి, అక్కడ మీ దరఖాస్తుకు నంబర్ ఇస్తరు, ఆ నంబర్ జాగ్రత్త. ఒక్కరు పోతే వ్యక్తిగత సమస్య లెక్క చూస్తరు, ఆటో మాట్లాడుకుని ఎనిమిది పది మంది తల్లులు పోతే డీఈఓను (జిల్లా విద్యాధికారిని) పిలిచి అడుగుతరు.

ఇంకో దారి కూడా ఉన్నది, ఎవరూ వాడరు గాని బలమైంది. బోర్డు మీదనే రాసుంటది కదా, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని. అంటే అది మండల పరిషత్ బడి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 9 ప్రకారం పిల్లలకు దగ్గరల బడి ఉండేటట్టు చూసుడు స్థానిక సంస్థ బాధ్యత, వలస పోయే కుటుంబాల పిల్లలను చేర్పించుడు కూడా వాళ్ల బాధ్యతనే. సెక్షన్ 32 కింద రాతపూర్వకంగ ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్ల తేల్చాలె, వాళ్లు తేల్చింది నచ్చకుంటే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీల్ పోవచ్చు. అందుకే మండల పరిషత్ ఆఫీసర్ ఎంపీడీఓకు ఒక కాపీ తప్పకుండ ఇయ్యండి. మండల పరిషత్ సభ్యులు (ఎంపీటీసీ) ఉంటే వాళ్లను, సర్పంచ్‌ను పట్టుకుని మండల సర్వసభ్య సమావేశంల ఈ ముచ్చట లేపమనండి, అక్కడ ఎంఈఓ నిలబడి జవాబు చెప్పాల్సి ఉంటది, అది మినిట్స్‌ల ఎక్కుతది. రోడ్లు, మిషన్ భగీరథ నీళ్లు, కరెంటు స్తంభాల మీద గంటలు గంటలు మాట్లాడతరు, బడి మాట వచ్చేసరికి భోజనాల టైం అయితది, కాబట్టి ఎజెండాల ముందే పెట్టించండి.

గ్రామసభ తీర్మానం చానా అవసరం. ఊకె మా బడి మూయొద్దు అని కాదు, మా ఊళ్లె మూడేండ్ల నుంచి పదేండ్ల దాకా పిల్లలు ఇంతమంది ఉన్నరు, పక్కూరి బడి ఇంత దూరం ఉన్నది, మధ్యల ఇది ఉన్నది, కాబట్టి విలీనానికి గ్రామసభ ఒప్పుకోదు అని వివరంగ రాయించాలె. పంచాయతీ సెక్రటరీ ఆన్నే తీర్మానం పుస్తకంల రాసేదాక కుర్చీల్లకెళ్లి లేవకండి. తర్వాత రాస్త అంటే నాలుగు ముక్కలు రాసి సరిపెడతరు. నకలు ముద్రతోని తీసుకోండి.

దూరం సంగతి. మన తెలంగాణ నిబంధన ప్రకారం ప్రైమరీ బడి కిలోమీటర్ లోపల ఉండాలె, అప్పర్ ప్రైమరీ 3 కిలోమీటర్ల లోపల. కలిపేటప్పుడు ఆఫీసుల కూసొని మ్యాప్ల గీత గీసి 900 మీటర్లే అంటరు. మీరు పిల్లలు నడిచే తొవ్వల నడవండి, ఫోన్ల మ్యాప్స్ పెట్టుకుని బడి గేటు నుంచి ఆ బడి గేటు దాకా. ఎక్కడ రోడ్డు దాటాలెనో ఆగి ఫొటో తియ్యండి. హైదరాబాద్-శ్రీశైలం హైవే మీద ఉన్న ఊళ్లకైతే ఈ ఒక్క ఫొటోనే చాలు, పొద్దుగాల ఎనిమిదిన్నరకు ఆ రోడ్డు మీద బస్సులు, లారీలు ఎట్ల పోతయో అక్కడున్నోళ్లకు ఎరుకే. దుందుభి ఒడ్డు పల్లెలైతే వానకాలం వాగు వచ్చినప్పటి వీడియో మీ ఊరి వాట్సాప్ గ్రూపుల తప్పకుండ ఉంటది, ఎతికి తీసి తారీఖుతో సహా దాచిపెట్టండి. కుక్కలు, బావులు, మొరం తవ్విన గుంతలు, వైన్స్, ఇవన్నీ రాయండి. బడి దూరమైతే ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఇస్తం అంటరు, సమగ్ర శిక్ష పథకంల అది ఏడాదికి 6,000 వరకు ఉన్నది, కానీ ఆరేండ్ల ఆడపిల్లను ఆ పైసలు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటియ్యవు. ఆటో ఎవరు పెడ్తరు, నెల నెలా పైసలు ఎవరి ఖాతాల పడ్తయి, ఆటో రానినాడు ఎవరు జిమ్మేదారు, ఈ మూడింటికి రాతపూర్వకంగ జవాబు అడగండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా ఒకటి ఎయ్యండి. ఊరి స్థాయి ఆఫీసుల ఫీజు లేదు, మండల ఆఫీసుల 5 రూపాయలు, జిల్లాల 10 రూపాయలు, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. కథలు రాయకండి, సూటిగ అడగండి: మా బడికి మంజూరైన పోస్టులు ఎన్ని, గత మూడేండ్ల నుంచి తరగతి వారీగ పిల్లలెంతమంది, డిప్యుటేషన్ ఆర్డర్ కాపీ, మా బడి విలీనం గురించి ఎంఈఓ, డీఈఓ నడుమ నడిచిన లెటర్ల కాపీలు. ఈ ఆఖరుది ముఖ్యం, మీకు తెల్వకుండ ఫైల్ నడుస్తుంటే అక్కడ బయటపడ్తది. 2023 డిసెంబర్ చివర్ల విద్యాశాఖ రివ్యూల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డే ప్రతి పంచాయతీల బడి ఉండాలె, మూసిన బడులు తెరవాలె అని చెప్పిండు, దరఖాస్తుల ఆ మాట గుర్తు చేయండి, తప్పులేదు.

ఇగ అసలైన పని, కష్టమైన పని, పిల్లలను నిలబెట్టుకునుడు. కాయితాలన్నీ మంచిగున్నా బడిల పిల్లలు లేకుంటే ఎవరూ ఏం చెయ్యలేరు. జూన్ల జయశంకర్ బడిబాట వస్తది, సార్లు ఇంటింటికి తిరుగుతరు, కానీ అప్పటికే ఆలస్యమైతది. ఎందుకంటే మన పిల్లలు ప్రైవేటుకు ఆరేండ్లకు పోతలేరు, మూడేండ్లకే నర్సరీకి పోతున్నరు. ఒకసారి ఆ బస్సు ఎక్కిన పిల్లగాడు ఒకటో తరగతికి ఎనక్కి రావుడు కష్టం. అంగన్‌వాడీ బడి ఆవరణల ఉంటే, టీచరమ్మ మంచిగ ఆట, పాట, నాలుగు ఇంగ్లిష్ రైమ్స్ చెప్తే, ఆ పిల్లలు సీదా ఒకటో తరగతికి వస్తరు. కొన్ని సర్కారు బడుల్ల ప్రీ ప్రైమరీ కూడా షురూ చేసిన్రు, మీ బడికి కావాలె అని దరఖాస్తు పెట్టండి. ఫిబ్రవరి, మార్చిల్నే మూడేండ్లు నిండిన పిల్లల లిస్ట్ రాసుకుని ఆ ఇండ్లకు పోండి. సార్లు పోవుడు ఏరు, పక్కింటి అక్క పోయి నా బిడ్డ గీడనే సదువుతుంది, సూడు ఎట్ల సదువుతదో అని చెప్పుడు ఏరు. ఇంగ్లిష్ మీడియం సర్కారు బడిల 2022-23 నుంచి ఉన్నదన్న సంగతి ఇంకా తెల్వనోళ్లు ఉన్నరు.

ప్రైవేటు నుంచి ఎనక్కి రావాలనుకునేటోళ్లకు పెద్ద అడ్డం టీసీ (బదిలీ సర్టిఫికెట్). ఫీజు బాకీ ఉన్నదని టీసీ ఇయ్యరు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని సర్కారు బడిల అడ్మిషన్ ఆపొద్దు, సెక్షన్ 14 ప్రకారం పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని కూడా ఆపొద్దు. ముందు చేర్పించండి. చేరినంక ఇంకో పని ఉన్నది, దీన్ని మస్తు మంది మర్చిపోతరు. ఆ పిల్లగాని పేరు బడుల లెక్కలుండే సర్కారు పోర్టల్ యూడైస్ ప్లస్‌ల పాత బడి కిందనే ఉంటది. పాత బడోళ్లు వదిలితే డ్రాప్ బాక్స్‌ల పడ్తది, అక్కడికెళ్లి మన బడి లాగిన్‌ల పెన్ నంబర్ (పిల్లగానికి శాశ్వతంగ ఇచ్చే నంబర్) కొట్టి ఇంపోర్ట్ చేసుకోవాలె. అది చెయ్యకుంటే పిల్లగాడు రోజూ మన బెంచీ మీద కూసున్నా లెక్కల వేరే బడోడే. యూడైస్ లెక్కకు సెప్టెంబర్ 30 తారీఖు ఆధారం, కాబట్టి సెప్టెంబర్ మొదటి వారంల హెచ్ఎం సార్ దగ్గర కూసొని రిజిస్టర్ పేర్లు ఒక్కొక్కటి చదువుతుంటే పోర్టల్‌ల టిక్కు పెట్టుకుంట పోండి. ఇరవై మంది ఉన్న బడిల ఇద్దరు లెక్క తప్పితే కూడా పెద్ద దెబ్బనే. ఆధార్ల పేరు తప్పున్న పిల్లలను మీసేవకు తీస్కపోండి.

పాలమూరుల వలస సంగతి వేరే చెప్పాలె. దసరా అయినంక ముంబై, పుణె, హైదరాబాద్ పోయే కుటుంబాలు పిల్లలను ఎంట తీస్కపోతరు, ఎండకాలానికి వస్తరు. హాజరు పడదు, పేరు కొట్టేస్తరు, బడి స్ట్రెంత్ పడిపోతది. పోయే ముందే, అంటే వానకాలం పంట మీద ఉన్నప్పుడే, ఏ ఇంటోళ్లు పోతరో లిస్ట్ రాసి వలస పోయినోళ్ల పిల్లలు ఉండేటందుకు సీజనల్ హాస్టల్ కావాలె అని ఎంఈఓకు ఇయ్యండి, తాత, అవ్వ దగ్గర ఉంచే వీలుంటే పిల్లలను ఉంచమని బతిమిలాడండి. నల్లగొండ దిక్కు పత్తి ఏరే టైంల కూడా ఇదే కథ, నాలుగో, ఐదో తరగతి ఆడపిల్లలు ముందుగాల బడి మానేస్తరు. ఆ నెలల్ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అక్కలు రోజూ పొద్దుగాల ఒక్క రౌండ్ తిరిగితే మస్తు ఫరక్ వస్తది. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య (వీఓ) అధ్యక్షురాలే ఆ కమిటీకి చైర్మన్ కాబట్టి సంఘం మీటింగ్ల బడి హాజరు కూడా ఒక ముచ్చట కావాలె. బడి యాజమాన్య కమిటీ (ఎస్ఎంసీ)ల ముప్పావు మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలె అని చట్టంల ఉన్నది, మీ కమిటీ కాయితం మీదనే ఉంటే కొత్తగ ఎన్నుకోండి, బడి అభివృద్ధి ప్లాన్ రాసే హక్కు దానికే ఉన్నది.

సార్లతోని కొట్లాట పెట్టుకోకండి. ఉన్న ఒక్క సార్ మంచోడైతే ఆయనకు ఊరు అండగ ఉన్నదని కనబడాలె, ట్రాన్స్‌ఫర్ అడగకుండ ఉండేటట్టు చూసుకోవాలె. సార్ టైంకు రాకుంటే ముందు కూసొని మాట్లాడండి, మారకుంటే అప్పుడు రాయండి.

ఇప్పటికే మూతపడ్డ బడి ఉంటే ఏం చెయ్యాలె అని కొందరు అడుగుతున్నరు. బిల్డింగ్‌ను వేరేదానికి ఇయ్యకముందే కదలాలె. చేరతం అన్న పిల్లల పేరు, ఆధార్, తల్లిదండ్రుల సంతకంతోని లిస్ట్, గ్రామసభ తీర్మానం, పక్క బడి దూరం, ఈ మూడు జతచేసి పాత బడి యూడైస్ కోడ్ పైన రాసి డీఈఓకు ఏప్రిల్ల ఇయ్యండి, జూన్ 12కు బళ్లు తెరిచేసరికి ఒక సార్‌ను అయినా పంపమని అడగండి. సార్ వచ్చినంక లిస్టుల ఉన్న పిల్లలందరూ మొదటి రోజే బడిల ఉండాలె, ఎఫ్ఆర్ఎస్ (మొఖం గుర్తుపట్టి వేసే) హాజరుల ఆ రోజు నుంచే కనబడాలె. పది రోజుల్ల పిల్లలు రాలేదంటే ఆ సార్‌ను మళ్లీ వేరేకాడికి పంపుతరు, రెండోసారి అడిగితే ఎవరూ నమ్మరు.